సాక్స్ అల్లుదాం – 6: మడమ మూలలో చిల్లు పడకుండా

ఈ పాఠంలో మడమ దాటి పాదంలోకి దిగాలి. కానీ మీరు పంపిన ఫొటోలు చూస్తే చాలామంది ఇంకా మడమ తిప్పే దగ్గరే ఉన్నారు. 32 కుట్ల మడమ పట్టీ (మడమ వెనక నిలువుగా అల్లిన ముక్క) తిప్పడం, అంటే కుట్లు తగ్గిస్తూ దాన్ని దొప్పలా వంచడం, పూర్తయ్యేసరికి సూది మీద 18 కుట్లు ఉండాలన్నాను కదా. ఎక్కువమందికి 20 ఉన్నాయి. కొందరికి 17, 19. ఒకరికి ఏకంగా 7. మొత్తం విప్పి మళ్లీ అల్లినా మళ్లీ 20 వచ్చాయని రాసినవాళ్లున్నారు. ముందు ఆ లెక్క తేల్చుకుందాం.

20 ఉన్నవాళ్లు ఏమీ విప్పక్కర్లేదు. మీరు రెండు వరసల ముందే ఆగారు, అంతే. మొదటి 12 వరసలూ ఒకే పద్ధతిలో నడుస్తాయి: తిప్పినచోట ఏర్పడే ఎడం దగ్గర రెండు కుట్లు కలిపి, ఆ తర్వాత ఒకటి అల్లి, తిప్పడం. 12వ వరస అయ్యాక రెండు చివర్లా ఒక్కొక్క కుట్టే మిగులుతుంది. దాన్ని కలిపేస్తే తర్వాత అల్లడానికి ఇంకో కుట్టు ఉండదు. దాంతో పని అయిపోయిందనుకుని ఆగిపోతున్నారు. కాలేదు. 13వ వరస: మొదటిది జార్చండి (అల్లకుండానే కుడి సూదికి మార్చండి), 16 నిట్ (మామూలు కుట్టు), చివరి రెండూ ఎడమకు వాలేలా కలపండి, తిప్పండి. 14వ వరస: మొదటిది జార్చండి, 16 పర్ల్ (తిరగేసిన కుట్టు), చివరి రెండూ కలిపి పర్ల్, తిప్పండి. ఇప్పుడు లెక్కపెట్టండి, 18 ఉంటాయి.

7 వచ్చినవారు కుట్లు కలపగానే తిప్పేశారు, తర్వాతి ఒక్క కుట్టూ అల్లలేదు. ఆ ఒక్క కుట్టు వల్లే మడమ వరస వరసకీ వెడల్పవుతూ వస్తుంది. అది లేకపోతే మొదటి నుంచి చివరిదాకా ఒకే వెడల్పులో సన్నగా సాగుతుంది. నిజానికి అలా అల్లే మడమ కూడా ఒకటుంది, డచ్ మడమ అంటారు. చక్కగా అమరుతుంది కానీ దాని లెక్క వేరు. ఈ జతకి మాత్రం విప్పి మళ్లీ అల్లండి.

17, 19 వచ్చినవాళ్లు కాగితం మీద లెక్క చూసుకుంటూ అల్లారని ఫొటోల్లోనే తెలిసిపోతోంది. వరసకో అంకె రాసుకుని, "ఇప్పుడు 8, ఇప్పుడు 9" అనుకుంటూ అల్లుతుంటే మధ్యలో ఎవరైనా పిలిచారంటే పోయినట్టే. ఇక్కడ లెక్క అవసరం లేదు. తిప్పిన ప్రతిచోటా రెండు కుట్ల మధ్య ఎడం ఏర్పడుతుంది. సూదిని కాస్త వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే ఆ ఎడం స్పష్టంగా కనిపిస్తుంది. దానికి ఇవతల ఒకటి, అవతల ఒకటి, ఆ రెండే కలపాలి. రెండూ ఇవతలివే కలిపితే ఎడం మూసుకోదు, లెక్క తప్పుతుంది. అల్లిక మీద కన్నుంచండి, కాగితం పక్కన పెట్టేయండి. నేను మడమ తిప్పేటప్పుడు మొదటి రెండు వరసలు తప్ప ఏదీ లెక్కపెట్టను.

ఇంకో ప్రశ్న కూడా వచ్చింది: సాక్స్ మొత్తం రెండు సూదులతో చదునుగా అల్లి, చివర కుట్టేస్తే ఈ తిప్పలుండవు కదా అని. అలా చేయవచ్చు. 1589లో ఇంగ్లండ్‌లో విలియం లీ కట్టిన మేజోళ్ల యంత్రం కూడా చదునైన గుడ్డనే అల్లేది, దాన్ని మలిచి కుట్టి మేజోడు చేసేవారు. కానీ అందులో కుట్టిన అతుకు పాదానికి తగులుతుంది. బూటు వేసుకుని నడిచినంతసేపూ అది ఒత్తుతూనే ఉంటుంది. చేత్తో అల్లుకునేది అతుకు లేకుండా ఉండాలనే కదా. అందుకే నేను ఐదు సూదుల పద్ధతి వదలను.

ఇక ఈనాటి పని. మడమ ఇప్పుడు దొప్పలా వంపు తిరిగి ఉంది. దాని వెనక పట్టీ నిలువుగా నిలబడింది. ముందువైపు పాదం పైభాగానికి ఉంచిన 32 కుట్లు రెండు సూదుల మీద ఎదురుచూస్తున్నాయి. వీటన్నిటినీ కలిపి మళ్లీ గుండ్రంగా అల్లాలి. కలిసే చోట రెండు పక్కలా ముక్కోణంలా అమరే భాగాన్ని గసెట్ అంటారు. మడమ దగ్గర పాదం చుట్టుకొలత పెరుగుతుంది కాబట్టి అక్కడ కుట్లు ఎక్కువ కావాలి. తర్వాత మెల్లగా మళ్లీ కాలి భాగంలో ఉన్న 64కి తగ్గించుకుంటాం.

మడమ మీది 18 కుట్లూ నిట్ వేయండి. తర్వాత పట్టీ అంచు వెంబడి కుట్లు ఎత్తండి. పట్టీలో ప్రతి వరసలోనూ మొదటి కుట్టు జార్చారు కాబట్టి అంచున గొలుసు వచ్చింది. 32 వరసలకి 16 గొలుసు లింకులు ఉంటాయి. వరసలు లెక్కపెట్టకండి, లింకులే లెక్కపెట్టండి. సూది మొనను లింకు రెండు పోగుల కిందుగా దూర్చండి. ఒక్క పోగు కిందే దూర్చితే అంచు సాగి వరసగా చిన్న చిన్న కన్నాలు కనిపిస్తాయి. నాకు నచ్చిన పద్ధతి వేరే ఉంది: ముందు ఒక సన్నని సూదికి, అంటే 2.5 మి.మీ. సూదులతో అల్లుతుంటే 2 మి.మీ. సూదికి, 16 లింకులూ ఎక్కించేస్తాను. అప్పుడు వాటిని మామూలు సూదితో నిట్ వేస్తాను. ఒక్కో లింకునీ వెతుక్కుంటూ దారం లాగే గొడవ తప్పుతుంది.

16 ఎత్తాక మూల వస్తుంది. పట్టీ మొదలైన చోటుకీ పాదం పైభాగపు మొదటి కుట్టుకీ మధ్య ఉండే సందు అది. ఈ ఒక్క చోటు గురించి నేను ఎంత చెప్పినా తక్కువే. మడమ చక్కగా తిప్పి, కుట్లు పొందిగ్గా అల్లి, మూలలో మాత్రం వేలు దూరేంత చిల్లు వదిలేసిన జతలు చూస్తే బాధేస్తుంది. సాక్సంతటిలో అందరి కన్నూ ముందు పడేది అక్కడే.

చిల్లు ఎందుకు పడుతుంది? పట్టీ 32 వరసలు వెనక్కీ ముందుకీ అల్లుతున్నంతసేపూ పాదం పైభాగపు కుట్లు కదలకుండా అలాగే ఉన్నాయి. ఒక పక్క ఇంత ఎత్తు పెరిగింది, ఇంకో పక్క ఏమీ పెరగలేదు. రెండిటినీ కలిపే దారం ఒకే ఒక్కటి, మూలలో అడ్డంగా ఉంది. పట్టీని అటూ ఇటూ తిప్పినప్పుడల్లా ఆ దారాన్నే గుంజాం. అందుకే అది వదులై సాగిపోయింది.

చాలామంది చేసేదేమిటంటే, ఆ సాగిన దారం కనబడగానే దాని కిందే సూది దూర్చి కుట్టుగా ఎత్తేస్తారు. అక్కడ కన్నం ఉంది కదా, అక్కడే ఎత్తితే మూసుకుంటుందని లెక్క. జరిగేది దానికి విరుద్ధం. కొత్త కుట్టు ఆ దారాన్ని ఇంకా తెరిచి పడుతుంది, కన్నం ఇంకా పెద్దదవుతుంది. మరికొందరు ఒకటి చాలదని అదే చోట రెండు మూడు ఎత్తుతారు. కన్నం పోదు, దాని చుట్టూ ముడత కూడా చేరుతుంది. ఇంకొందరు దారాన్ని గట్టిగా లాగి బిగిస్తారు. బిగింపు పక్క కుట్టులోకి వెళ్తుందేగానీ మూల దారానికి చేరదు. పక్క కుట్టు నలిగిపోతుంది, మూల ఎప్పటిలాగే ఉంటుంది. అంతా అయ్యాక సూదీ దారంతో కుట్టేద్దాంలే అనేవాళ్లూ ఉన్నారు. కుడితే కన్నం మూసుకుంటుంది, కానీ లోపల ముడి పడుతుంది. సరిగ్గా చీలమండ కింద ఒత్తుకునే చోట ముడి ఉంచుకోవడమెందుకు?

చేయాల్సింది ఇది. మూలలో అడ్డంగా కనిపించే వదులు దారం జోలికి పోకండి. పాదం పైభాగపు మొదటి కుట్టు చూడండి. ఆ కుట్టుకి సరిగ్గా కింద వరసలో ఇంకో కుట్టుంది, మీరు కాలి భాగం అల్లినప్పటిది. అది బిగువుగా ఉంటుంది. దానికి రెండు కాళ్లుంటాయి, అంటే ఆ కుట్టు ఉచ్చుకి ఇటూ అటూ ఉండే రెండు పోగులు. పట్టీ వైపున్న కాలి కింద ఎడమ సూదిని వెనక నుంచి దూర్చి పైకెత్తండి. ఎత్తినది సూది మీద వెనక్కి తిరిగి ఉండాలి. అంటే దాని ముందు కాలు కాక వెనక కాలే కుడి సూదికి ముందుగా అందాలి. అప్పుడు వెనక కాలు గుండా కాక ముందు కాలు గుండా నిట్ వేయండి. మెలిక పడుతుంది. ఆ మెలికే మూలని మూస్తుంది. వేసిన వెంటనే సూది కింద వేలు పెట్టి చూడండి. వేలు దూరకపోతే సరే. దూరితే ఆ ఒక్క కుట్టే తీసి, ఇంకొక వరస కింది కాలు పట్టుకోండి.

ఇదంతా చేత్తో కష్టమనిపిస్తే క్రోషే సూదితో ఆ కాలిని పట్టి లాగి, ఒకసారి మెలితిప్పి అల్లిక సూదికి ఎక్కించండి. ఫలితం ఒకటే.

పాదం పైభాగపు 32 కుట్లూ నిట్ వేసి, అవతలి మూలలో కూడా అలాగే ఒకటి ఎత్తి, అవతలి అంచున 16 ఎత్తండి. మడమ కుట్లలో సగం, అంటే 9, నిట్ వేయండి. ఇప్పుడు ప్రతి రౌండ్, అంటే ఒక పూర్తి చుట్టు, మడమ నడుమ నుంచి మొదలవుతుంది. మొదటి సూదిన 26, రెండోదాన 16, మూడోదాన 16, నాలుగోదాన 26, మొత్తం 84.

మొదటి రౌండ్‌లో పట్టీ అంచున ఎత్తిన కుట్లను వెనక కాలు గుండా అల్లండి. అంచు బిగుస్తుంది. ఆ తర్వాత తగ్గింపు రౌండ్: మొదటి సూదిపై చివరి మూడు కుట్ల దాకా నిట్ వేసి, రెండు కలిపి నిట్, ఒకటి నిట్. రెండు, మూడు సూదులు మామూలుగా. నాలుగో సూదిపై ఒకటి నిట్, ఎడమకు వాలే తగ్గింపు, మిగతావి నిట్. తర్వాతి రౌండ్ తగ్గింపు లేకుండా. ఇలా ఒక రౌండ్ విడిచి ఒక రౌండ్ తగ్గిస్తే 10 తగ్గింపు రౌండ్లలో 64 వచ్చేస్తాయి. పాదం పైభాగం ఎత్తుగా ఉన్నవాళ్లు మూడో రౌండ్‌కోసారి తగ్గించండి, చీలమండ ముందు పట్టేయకుండా ఉంటుంది.

ఇక సాధన. ఈసారి కాస్త ఎక్కువే అడుగుతున్నాను. మీ జత పక్కన పెట్టి, మిగిలిపోయిన ఊలుతో 56 కుట్ల గొట్టం ఒక అంగుళం అల్లండి. 28 కుట్లతో మడమ పట్టీ 28 వరసలు, ఆ తర్వాత మడమ తిప్పడం. మొదటి వరసలో 16 నిట్ వేసి, ఎడమకు వాలేలా రెండు కలిపి, ఒకటి నిట్ వేసి తిప్పండి. రెండో వరసలో మొదటిది జార్చి, 5 పర్ల్, రెండు కలిపి పర్ల్, ఒకటి పర్ల్, తిప్పండి. మూడో వరస నుంచి అంకెలేవీ చూడకుండా ఎడం మాత్రమే చూస్తూ పూర్తి చేయండి. 16 మిగలాలి. అంచున 14 లింకులుంటాయి. రెండు మూలలూ పైన చెప్పినట్టు మూసి, విప్పి, మళ్లీ మూయండి. కాగితం చూడకుండా రెండు మూలలూ ఒకేలా వచ్చేదాకా అదే చేయండి. అప్పుడే అసలు జత చేతికి తీసుకోండి.

అసలు జతలో 64 కుట్లకి వచ్చాక తగ్గింపు లేకుండా గుండ్రంగా అల్లుకుంటూ పోండి. మడమ వెనక నుంచి కొలిచి, పాదం పొడవుకి 5 సెం.మీ. తక్కువ దాకా వచ్చాక ఆపండి. వేళ్ల భాగం వచ్చే పాఠంలో.