మైలేజ్ బండికి చిన్న ఇంజన్ రెడీ చేసి టెస్ట్ చేయడం ఎలా

తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరం నడిపే షెల్ ఎకో మారథాన్ లాంటి పోటీలకి (మన దగ్గర 2018లో చెన్నైలో, 2019లో బెంగళూరులో జరిగాయి) బండి కట్టే టీముల్లో చాలామంది ముందు బాడీ మీద పడతారు, ఇంజన్ సంగతి చివర్లో చూద్దాంలే అంటారు. అలా చేయొద్దు, బాడీ గీయకముందే ఇంజన్ స్టాండ్ మీద తిరగాలి.

ముందు ఈ లెక్క చూడండి. బండి 40 కిలోలు, డ్రైవర్ 50 కిలోలు, మంచి టైర్లు, నున్నటి బాడీ అనుకుంటే గంటకి 25 కిలోమీటర్ల స్పీడులో బండిని నడపడానికి 18 వాట్లు చాలు, చిన్న బల్బుకి పట్టేంత కరెంటు అన్నమాట. ఒక కిలోవాట్ ఇంజన్‌ని 18 వాట్ల మీద నడిపితే పెట్రోలంతా దాని లోపలి రాపిడికే పోతుంది. అందుకే ఇంజన్‌ని ఫుల్ లోడ్ మీద నాలుగైదు సెకన్లు నడిపి స్పీడు 15 నుంచి 30కి తెచ్చి ఆపేస్తారు, ఆ ఊపు మీద బండి దాదాపు 900 మీటర్లు దొర్లుతుంది, మళ్ళీ స్టార్ట్ చేస్తారు. కాబట్టి మీరు తయారుచేసేది ఎప్పుడూ తిరిగే ఇంజన్ కాదు, ఐదు సెకన్లు బాగా పనిచేసి ఆగిపోయే ఇంజన్. ఇక్కడి నుంచి ప్రతి నిర్ణయం ఈ ఒక్క మాట మీదే తీసుకోండి.

ఇంజన్‌కి హోండా జీఎక్స్35 బాగుంటుంది, గడ్డి కోసే మిషన్లలో వచ్చేదే, 35.8 సీసీ, ఫోర్ స్ట్రోక్. దీంట్లో హెడ్డు, అంటే సిలిండర్ పైమూత, విడిగా ఊడిరాదు, సిలిండర్‌తో కలిసే ఉంటుంది, అందుకని హెడ్డు చెక్కించి కంప్రెషన్ (పిస్టన్ లోపలి గాలిని ఎన్ని రెట్లు నొక్కుతుందో ఆ అంకె) పెంచేద్దాం అనుకుంటే కుదరదు. కంప్రెషన్ 8 నుంచి 10కి తేవాలంటే పైన మిగిలే ఖాళీ 5.1 సీసీ నుంచి 4 సీసీకి తగ్గాలి, అంటే పిస్టన్ తల మార్చాలి, వాల్వులకి తగలకుండా చూసుకోవాలి. మొదటి రెండు నెలలు దాని జోలికి పోకండి.

కార్బొరేటర్ తీసేసి ఇంజెక్షన్ (ఎలక్ట్రానిక్ బోర్డు చెప్పినంతే పెట్రోలు చిమ్మే పద్ధతి) పెట్టడం మాత్రం తప్పనిసరి అంటాను. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 పొగ నిబంధనలు వచ్చాక దాదాపు పెట్రోలు స్కూటర్లన్నిటికీ ఇంజెక్షన్ వచ్చేసింది కాబట్టి ఆటోనగర్‌లో ఇంజెక్టర్లు, సెన్సర్లు దొరుకుతాయి, కంట్రోల్‌కి స్పీడుయినో లాంటి బోర్డు సరిపోతుంది. ఇంకోటి, బంకు పెట్రోల్లో ఇప్పుడు 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, గ్రాము పెట్రోలు కాలడానికి 14.7 గ్రాముల గాలి అని పుస్తకంలో ఉన్న లెక్క దానికి పనిచేయదు, 13.5 దగ్గరికి వస్తుంది, అందుకే పొగ గొట్టంలో లాంబ్డా సెన్సర్ పెట్టి లాంబ్డా 1.05 చుట్టూ (అంటే కావాల్సినదానికన్నా 5 శాతం ఎక్కువ గాలితో) ట్యూన్ చేయండి.

ఇక ఇంజన్ పవర్ కొలిచే టెస్ట్ స్టాండ్. చైన్‌తో ఐదు రెట్లు స్పీడు తగ్గించి ఒక డ్రమ్ము తిప్పండి, దానికి నూలు తాడు చుట్టి ఒక కొసకి బరువు కట్టండి, రెండో కొసకి స్ప్రింగ్ కాటా. ఇంజన్ 4500 ఆర్‌పీఎం దగ్గర 600 వాట్లు ఇస్తుంటే 10 సెంటీమీటర్ల రేడియస్ డ్రమ్ము మీద రెండు కొసల తేడా ఆరున్నర కిలోల దాకా చూపించాలి. తాడు వేడెక్కి పొగ వస్తుంది, పెట్రోలు సీసా దూరంగా పెట్టి, డ్రమ్ముకి ఇనప గార్డు వేసి, ఫైర్ సిలిండర్ చేతికందేలా ఉంచండి. షెడ్డు తలుపులు మూసి మాత్రం ఎప్పుడూ నడపొద్దు, పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

పెట్రోలు కొలవడం దగ్గరే అందరూ దెబ్బతింటారు. మేం మొదట్లో సీసాని కాటా మీద పెట్టి కొలిచేవాళ్ళం, పైపు లాగుడుకి అంకె ఊగిపోయేది, రెండు వారాల రీడింగులు పారేశాం. తర్వాత ల్యాబ్‌లో ఉండే బ్యూరెట్ (కొలత గీతలున్న సన్నటి గాజు గొట్టం) తెచ్చి 5 మిల్లీలీటర్లు ఎన్ని సెకన్లలో దిగుతుందో చూడడం మొదలుపెట్టాం, అదే బెస్ట్. 56 సెకన్లలో దిగింది, పవర్ 600 వాట్లు అనుకోండి, అప్పుడు కిలోవాట్ అవర్‌కి 400 గ్రాములు, ఎఫిషియెన్సీ సుమారు 20 శాతం, ఇంత చిన్న ఇంజన్‌కి అది మంచి మొదలే. పైపులో గాలి బుడగ లేకుండా చూడండి, పెట్రోలు టెంపరేచర్ రాయండి, ఎందుకంటే డిగ్రీకి దాదాపు 0.1 శాతం సాగుతుంది, పొద్దున 28 డిగ్రీల్లో, మధ్యాహ్నం 40లో కొలిస్తే ఆ తేడాయే 1 శాతం పైన, దాన్నే మీ ట్యూనింగ్ గొప్ప అనుకుంటారు.

ఒకసారికి ఒక్కటే మార్చండి. ముందు స్పార్క్ టైమింగ్ రెండేసి డిగ్రీలు జరుపుతూ తాడు మీద లోడు ఎక్కడ ఎక్కువ వస్తుందో చూడండి, తర్వాత గాలి-పెట్రోలు మిక్స్చర్. ఇంజన్ వేడి కూడా ప్రతిసారీ ఒకేలా ఉండాలి. ఐదు సెకన్ల పనికి ఇంజన్ వేడెక్కే టైమే దొరకదు, కాబట్టి కూలింగ్ గాలి ఆపి ఫిన్నుల (సిలిండర్ బయటి రెక్కల) చుట్టూ వేడి పోకుండా గుడ్డ చుడతారు, ప్లగ్గు దగ్గర వేడి కొలిచే థర్మోకపుల్ పెట్టుకుని చేయండి.

చివరిది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన టెస్టు. పైన చెప్పిన లెక్క కాగితం మీద లీటరుకి 2000 కిలోమీటర్ల పైనే వస్తుంది, ట్రాక్ మీద అంత రాదు, స్టార్ట్ చేసినప్పుడల్లా ఎక్కువ పెట్రోలు కొట్టాల్సి రావడం దానికి ఒక పెద్ద కారణం. అందుకే తాడు తీసేసి బరువైన ఫ్లైవీల్ కట్టి, స్టార్ట్, ఐదు సెకన్లు, ఆఫ్, ఇలా 20 సార్లు చేసి మొత్తం పెట్రోలు చూడండి. మూడు రోజులు వరసగా ఆ అంకె 2 శాతం లోపు తేడాతో వస్తేనే ఇంజన్‌ని బండిలోకి ఎక్కించండి, రాకపోతే ముందు ఇంజెక్టర్ కారుతుందేమో చూసుకోండి.