పాత కారు టైర్లు: కొలతతోనూ గాలితోనూ వచ్చే ఇబ్బందులు, పరిష్కారాలు

విశాఖలో అంబాసిడర్‌నో, ప్రీమియర్ పద్మినినో ఇంకా నడుపుకుంటున్నవారికి టైర్ల విషయంలో ఎదురయ్యే చిక్కుల్లో చాలామట్టుకు రెండు అలవాట్ల వల్ల వచ్చేవే. ఇప్పుడు బండికి ఉన్న టైరు మీది కొలతనే అసలు కొలత అనుకోవడం ఒకటి, పెట్రోల్ బంకులో కొత్త కార్లకు కొట్టే గాలినే మన కారుకూ కొట్టించడం రెండోది. కారుతో పాటు వచ్చిన పుస్తకంలోని కొలతను చూసి, ఆపైన కింది లక్షణాలను పరిశీలించడం మంచిది.

స్పీడోమీటరు ఎక్కువ చూపిస్తోంది, హైవేలో ఇంజిను అరుస్తోంది

పద్మినికి అసలు టైరు 5.20-14, అంటే వెడల్పు 5.20 అంగుళాలు, రిమ్ము 14 అంగుళాలు. ఈ కొలత తేలికగా దొరకదు కాబట్టి, "పద్నాలుగు అంటే పద్నాలుగే కదా సార్" అంటూ దుకాణంవారు 155/65 ఆర్ 14 టైరును అంటగడతారు. నేనూ ఒకసారి అలాగే తెచ్చుకున్నాను. రిమ్ముకు అది సరిగ్గానే కూర్చుంటుంది గానీ, టైరు ఎత్తును చెప్పేది మధ్యనున్న 65 అనే అంకె: పక్కగోడ ఎత్తు వెడల్పులో 65 శాతమని. అసలు కొలతకు దగ్గరగా ఉండే 155/80 ఆర్ 14 టైరు వ్యాసం సుమారు 604 మిల్లీమీటర్లయితే, 65 రకానిది సుమారు 557 మాత్రమే. అంటే ముల్లు 60 చూపిస్తున్నప్పుడు కారు నడిచేది 55 దగ్గర. పైగా బండి అడుగుభాగం రెండు సెంటీమీటర్లకు పైగా కిందికి దిగి, స్పీడ్ బ్రేకర్లకు తగులుతుంది. 155/80 ఆర్ 14కు మారడమే దీనికి పరిష్కారం. మధ్య అంకె లేకుండా 155 ఆర్ 14 అని మాత్రమే రాసి ఉన్న పాత పద్ధతి రేడియల్‌కు (లోపలి దారాలు అడ్డంగా నేరుగా సాగే రకం, ‘ఆర్’ అంటే అదే) ఆ అంకె 82గా లెక్క, కాబట్టి అదీ సరిపోతుంది. అంబాసిడర్ అసలు కొలత 5.90-15కు 165 ఆర్ 15 దగ్గరగా వస్తుంది. ఇంకా వెడల్పు టైరు వేస్తే చూపుకు బాగుంటుందేమో గానీ, ఆనాటి సన్నని రిమ్ము మీద దాని అంచులు లోపలికి నొక్కుకుపోతాయి, పార్కింగులో స్టీరింగు బరువెక్కుతుంది.

కారు నిటారుగా పోవడం లేదు, మలుపులో వెనుక భాగం జారుతోంది

ముందు ఏ టైరు ఉందో, వెనుక ఏ టైరు ఉందో చూడండి. మన దుకాణాల్లో నైలాన్ టైరు అని పిలిచే క్రాస్ ప్లై రకాన్నీ (లోపలి దారాలు ఏటవాలుగా ఒకదానిమీదొకటి అల్లుకున్నది) రేడియల్‌నూ ఒకే ఇరుసుకు కలపకూడదు. ముందు రేడియల్, వెనుక నైలాన్ ఉంటే ముందు చక్రాలు రోడ్డును పట్టుకుంటాయి, వెనుకవి జారిపోతాయి. సింహాచలం ఘాటు దిగేటప్పుడు, అందునా వాన తడి మీద, ఇది ప్రమాదకరం. నాలుగూ ఒకే రకం వేయడం ఉత్తమం. తప్పనిసరై రెండే కొనగలిగితే రేడియల్ జత వెనుక ఉండాలి. స్టెప్నీ టైరు ఏ రకమో చూసుకోవడం కూడా మరిచిపోవద్దు.

రాత్రంతా నిలిపిన నైలాన్ టైర్లు ఉదయం మొదటి రెండు మూడు కిలోమీటర్లు దడదడలాడి, వేడెక్కాక సర్దుకుంటే అది లోపం కాదు, ఆ దారం స్వభావం. ఆ దడ ఎంతకీ తగ్గకపోతే మాత్రం బ్యాలెన్సింగ్ చూపించాలి.

టైరు మధ్యలోనో, రెండు అంచుల్లోనో అరుగుతోంది

మధ్యలో అరిగితే గాలి ఎక్కువ, రెండు అంచులూ అరిగితే తక్కువ. ఒక్క అంచే అరిగితే గాలిని తప్పుపట్టకుండా అలైన్‌మెంట్ చూపించుకోవాలి. ఈ పాత తరం కార్ల పుస్తకాల్లోని గాలి అంకెలు నైలాన్ టైర్లకు ఉద్దేశించినవి, సాధారణంగా ఇరవై చిల్లర పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలమానం). రేడియల్ వేశాక దానికి 2 నుంచి 4 కలిపి మొదలుపెట్టండి. బంకు కుర్రాడు అడగకుండానే కొట్టే 33 ఈ తేలికపాటి కార్లకు ఎక్కువే. బీచ్ రోడ్డులో ప్రతి అతుకూ నడుముకు తెలుస్తుంది.

సరైన అంకెను బండినే అడగవచ్చు. ఉదయం కదలకముందు సొంత గేజితో కొలిచి, అరగంట నడిపి మళ్లీ కొలవండి. నాలుగైదు పీఎస్‌ఐ కంటే ఎక్కువ పెరిగితే టైరు అతిగా నలుగుతోందన్నమాట, మరునాడు చల్లగా ఉన్నప్పుడు కొంచెం పెంచాలి. వేడి టైరులో పెరిగిన గాలిని ఎన్నడూ తీయవద్దు. టైరుకు అడ్డంగా సుద్దగీత గీసి, నిటారు రోడ్డు మీద కొద్దిదూరం నడిపి చూడడం నాకు మరీ ఇష్టమైన పద్ధతి: గీత అంతటా సమానంగా చెరిగితే గాలి సరిపోయినట్లే.

అరకు వెళ్లేవారికి ఒక మాట. అక్కడి శీతాకాలపు ఉదయాన గేజి తక్కువ చూపిస్తుందని కంగారుపడనక్కరలేదు. చలి రెండు పీఎస్‌ఐకి పైగా తగ్గిస్తే, సుమారు 900 మీటర్ల ఎత్తులో బయటి గాలి ఒత్తిడి తగ్గడం గేజిలో ఒకటిన్నర దాకా తిరిగి కలుపుతుంది. అందుకే తేడా స్వల్పమే.

పంక్చర్ లేకున్నా గాలి దిగుతోంది, పక్కగోడల్లో సన్నని పగుళ్లు

ఇది మన ఊరి జబ్బు. ఉప్పుగాలికి రిమ్ము లోపలి అంచు తుప్పుపట్టి, ట్యూబును కొరుకుతుంది, ట్యూబ్‌లెస్ అయితే గాలిని వదులుతుంది. టైరు విప్పించి, తుప్పును వైరు బ్రష్‌తో గీకి, ప్రైమరూ పెయింటూ వేయించాలి. టైరును పట్టి ఉంచే గట్టు పాత రిమ్ముల్లో ఉండదు కాబట్టి, వాటిపై ట్యూబ్‌లెస్ టైరును కూడా ట్యూబుతోనే వాడాలి, అదీ రేడియల్‌కు పనికొచ్చే ట్యూబుతో. లోపల అంటించిన కాగితపు లేబుళ్లను బిగించే ముందు ఒలిపించండి, అవి ట్యూబును రాపాడి చిల్లు పెడతాయి.

పగుళ్లు ఎండవల్లా వయసువల్లా వస్తాయి, అరుగుదలతో వాటికి సంబంధం లేదు. పక్కగోడ మీది చివరి నాలుగంకెలు 2319 అయితే, ఆ టైరు 2019లో 23వ వారంలో తయారైనది. ఆరేళ్లు దాటాక ఏటా పరీక్ష చేయించి, పదేళ్లు నిండితే టైరు మీది గాడులు ఎంత లోతుగా ఉన్నా తీసేయాలి. పగుళ్లలో దారం కనిపిస్తే అంతవరకూ కూడా ఆగకూడదు.