రిలీజ్ మెడికల్ బోర్డుకు వెళ్లే ముందు చూసుకోవాల్సినవి

సైన్యం నుంచి రిటైర్‌మెంట్ దగ్గరపడి, గాయమో జబ్బో ఉన్నవారికి (సర్వీసు వదిలే ముందు వైద్యులు పరీక్షించే బోర్డే రిలీజ్ మెడికల్ బోర్డు; వైకల్య పెన్షన్ క్లెయిమ్‌కు దాని నివేదికే ఆధారం):

గాయమైతే ఇంజురీ రిపోర్టు (ఐఏఎఫ్‌వై-2006) ఫైల్లో ఉందా? ముందు ఇదే చూడండి. ఆసుపత్రి కాగితాలు దెబ్బ తగిలిందని మాత్రమే చెబుతాయి, డ్యూటీలో తగిలిందని చెప్పేది ఈ రిపోర్టే. కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీ (ఘటనపై సైన్యం జరిపే విచారణ) జరిగి ఉంటే దాని నకలు కూడా యూనిట్‌లో ఉండగానే తీసుకోండి. ఇంటికొచ్చాక ఉత్తరాలతో అడగడం మహా తలనొప్పి.

సెలవులో తగిలిన దెబ్బకు సర్వీసుతో సంబంధం చూపాలి. సెలవు కూడా డ్యూటీయే అన్న ఒక్క మాటతో క్లెయిమ్ నిలవదు.

జబ్బయితే, చేరినప్పటి వైద్య పరీక్షలో అది నమోదైందా చూడండి. నమోదు కాకపోతే సర్వీసులోనే వచ్చిందని భావించాలని, దాన్ని నిరూపించే బాధ్యత ఉద్యోగిది కాదని 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

పోస్టింగుల జాబితా తేదీలతో రాసుకోండి. గుండెజబ్బు కేసుల్లో జబ్బు బయటపడడానికి ముందు 14 రోజుల డ్యూటీ వివరాలు అడుగుతారు.

పర్సనల్ స్టేట్‌మెంట్ (మీ జబ్బు, గాయం గురించి మీరు బోర్డుకు ఇచ్చే వాంగ్మూలం) చదవకుండా సంతకం పెట్టొద్దు. "అందరూ పెడుతున్నారు, పెట్టెయ్" అనేవాళ్లు ఉంటారు, వినకండి.

బోర్డు వేసిన వైకల్య శాతం చూడండి. పూర్తి సర్వీసు చేసి రిటైరయ్యేవారికి 20 శాతం కంటే తక్కువైతే మామూలుగా వైకల్యానికి ఏమీ రాదు.

2023 సెప్టెంబరు 21 తర్వాత బయటికొచ్చేవారికి కొత్త నియమాలు. పాత బ్యాచ్ స్నేహితుడికి వచ్చిన లెక్క మీకు వర్తించకపోవచ్చు.

క్లెయిమ్ తిరస్కరిస్తే మొదటి అప్పీలుకు ఆరు నెలలే గడువు. తిరస్కరణ ఉత్తరం అందిన తేదీ కవరు మీదే రాసుకోండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో సాయం అడగొచ్చు.