ఫస్ట్ ఎయిడ్ బాక్స్ అక్కరకు రావడం లేదా? సమస్యలు, పరిష్కారాలు

బాక్స్ కొనేసి అటక మీద పెడితే సగం పని కూడా అయినట్టు కాదు. అవసరం పడ్డప్పుడు ఎక్కడ తేడా కొడుతుందో, ఎలా సరిచేసుకోవాలో చూద్దాం.

ప్లాస్టర్ అంటుకోదు, ఆయింట్‌మెంట్ ఎండిపోయింది

కారణం: బాక్స్ పొయ్యి పైనున్న అరలోనో, బాత్రూంలోనో ఉండటం. మన ఎండలకు వంటింటి సెగ తోడైతే ప్లాస్టర్ జిగురు పోతుంది. తలనొప్పి మాత్రకు కూడా అందులోనే చెయ్యి పెట్టడం ఇంకో కారణం. తీసినవాళ్లు మళ్లీ నింపరు.

పరిష్కారం: పడకగదిలో, పొడిగా ఉండే చోట, చిన్నపిల్లలకు అందని ఎత్తులో పెట్టండి. తాళం వద్దు. రోజువారీ మాత్రలకు వేరే డబ్బా పెట్టుకోండి. మూత లోపల కాగితం అంటించి ఏది ఏ నెలలో ఎక్స్‌పైర్ అవుతుందో రాయండి. ఉగాదికోసారి, దీపావళికి వారం ముందోసారి సరిచూసుకోండి.

గాయం నుంచి రక్తం ఆగడం లేదు

కారణం: చాలాసార్లు ఒత్తిడి చాలదు. ఆగిందా లేదా అని మాటిమాటికీ గుడ్డ ఎత్తి చూస్తారు, అప్పుడే గడ్డకడుతున్న రక్తం కదిలి మళ్లీ కారుతుంది. పైగా బాక్సులో దూది తప్ప ఏమీ ఉండదు. దాని పోగులు గాయానికి అతుక్కుపోతాయి.

పరిష్కారం: గాజ్ (గాయం మీద వేసే పల్చటి నూలు గుడ్డ) ప్యాడ్లు, రోలర్ బ్యాండేజీలు, గ్లవ్స్, కత్తెర తెచ్చిపెట్టుకోండి. గాజ్ పెట్టి అరచేత్తో గట్టిగా ఒత్తండి. గడియారం చూసుకుని పది నిమిషాలు చెయ్యి తీయకండి. తడిసిపోతే మొదటిది అలాగే ఉంచి పైన ఇంకోటి వెయ్యండి. కాఫీపొడి, పసుపు అద్దొద్దు. ఏదైనా లోతుగా గుచ్చుకుని ఉంటే లాగొద్దు, దాని చుట్టూ ఒత్తండి. ఒత్తినా చిమ్ముతుంటే చెయ్యి తీయకుండానే 108కి ఫోన్ చేయించండి.

కాలిన చోట ఏం రాయాలో తెలియక టూత్‌పేస్ట్ రాశారు

మొదటి మందు బాక్సులో ఉండదు, కుళాయి నీళ్లే. 20 నిమిషాలు ధారగా పోయండి, ఐస్ వద్దు. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీసేయండి.

సీపీఆర్ (గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కడం) నేర్చుకున్నారు, సమయానికి చేతులు ఆడలేదు

నాకు అన్నిటికన్నా బెంగ కలిగించేది ఇదే. కారణం ధైర్యం లేకపోవడం కాదు. వీడియో చూసి నేర్చుకున్నారు, లేదా ఎప్పుడో ఒక్కసారి బొమ్మ మీద నొక్కి వదిలేశారు. చేతులకు అలవాటు కావాలి. ఇంకో చిక్కు, గుండె ఆగాక కూడా కాసేపు వచ్చే ఎగశ్వాస. అది చూసి ఊపిరి ఆడుతోందనుకుని ఆగిపోతారు. పిలిచినా పలక్క, మామూలుగా ఊపిరి తీసుకోకపోతే మొదలుపెట్టాల్సిందే.

పరిష్కారం: రెడ్‌క్రాస్, సెయింట్ జాన్ అంబులెన్స్ లాంటి సంస్థలు శిక్షణ ఇస్తాయి. చేరే ముందు ఒక్క మాట అడగండి: ప్రతి ఒక్కరి చేతా బొమ్మ మీద చేయిస్తారా అని. పెద్దవాళ్లకైతే ఛాతీ మధ్యలో 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. నోటితో ఊపిరి ఇవ్వడం రాకపోయినా నొక్కడం ఆపొద్దు. పక్కన మనిషి ఉంటే రెండు నిమిషాలకోసారి మారండి. కొన్ని నెలలకోసారి మళ్లీ సాధన చేయండి.

108కి చేశారు, బండికి ఇల్లు దొరకలేదు

కారణం: టెన్షన్‌లో అడ్రస్ సరిగా చెప్పలేకపోవడం.

పరిష్కారం: అడ్రస్, దగ్గర్లోని గుడి లేదా వాటర్ ట్యాంక్ గుర్తు, ఇంట్లోవాళ్లు వాడే మందులు, పడని మందులు ఒక కాగితం మీద రాసి తలుపు వెనక అంటించండి. స్పీకర్ ఆన్ చేసి, వాళ్లు పెట్టేయమనేదాకా ఫోన్ కట్ చేయకండి. ఒకరిని వీధి మొదట్లో నిలబెట్టండి.

పాము కాటుకు తాడు కట్టారు, కాలు నల్లబడింది

కారణం: తాడు విషాన్ని ఆపుతుందన్న నమ్మకం. బిగించి కడితే రక్తం ఆడక కాలే దెబ్బతింటుంది.

పరిష్కారం: కట్టొద్దు, కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు. కాలికి చెక్క ఆనించి కదలకుండా ఉంచి, నడిపించకుండా తీసుకెళ్లండి. పామును పట్టుకోవడానికి సమయం వృథా చేయొద్దు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ మన దగ్గర ఇచ్చే విరుగుడు ఇంజెక్షన్ ఒకటే. పొలం పనులున్న ఇళ్లవాళ్లు అది దగ్గర్లో ఏ ప్రభుత్వాసుపత్రిలో రాత్రిపూట కూడా దొరుకుతుందో వానలు పడకముందే కనుక్కుని, తలుపు వెనక కాగితం మీద రాసుకోండి.