కొత్త పీసీలో పాత హార్డ్ డిస్క్: ‘ఇనిషియలైజ్’ నొక్కే ముందు

కిందటి నెల మా బావగారి కొత్త పీసీ నేనే బిగించాను. పాత సిస్టంలోని 1 టీబీ హార్డ్ డిస్క్ కూడా అందులోనే పెట్టమన్నారు. మా మేనకోడలి అన్నప్రాసన ఫొటోలన్నీ దాంట్లోనే ఉన్నాయట, ఇంకెక్కడా కాపీ లేదు. పవర్ నొక్కాం. విండోస్ వచ్చింది, డిస్క్ రాలేదు.

ఇలాంటప్పుడు ముందు బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే బోర్డు సెట్టింగుల తెర) వెళ్లండి. ఆన్ చేయగానే డిలీట్ కీ నొక్కాలి, కొన్ని బోర్డుల్లో ఎఫ్2. సాటా (హార్డ్ డిస్క్‌ని బోర్డుకు కలిపే పోర్టులు) జాబితాలో డిస్క్ పేరు ఉందా లేదా అన్నదాన్ని బట్టి దారి రెండుగా చీలుతుంది.

బయోస్‌లోనే పేరు లేదు

డిస్క్ మీద వేలు పెట్టి చూడండి. సన్నగా వణుకుతుంటే పవర్ అందుతున్నట్టే. అప్పుడు సాటా డేటా వైరు మార్చండి, పోర్టు మార్చండి. మా బావగారి సిస్టంలో తేడా పోర్టు దగ్గరే వచ్చింది. చాలా బోర్డుల్లో ఎం.2 స్లాట్‌లో (బోర్డు మీదే ఉండే సన్నటి గాడి) ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే పళ్లెం లేని వేగమైన డ్రైవ్ పెడితే ఒకటో రెండో సాటా పోర్టులు పనిచేయడం మానేస్తాయి. రెండింటికీ లైన్లు ఒకటే కాబట్టి. ఆ సంగతి మాన్యువల్‌లో చీమంత అక్షరాల్లో రాసి ఉంటుంది. పక్క పోర్టులోకి మార్చగానే పేరు కనబడింది.

వణుకే లేకపోతే పవర్ వైరు చూడాలి. ఇక్కడ ఒక్క జాగ్రత్త. పాత ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటిచ్చే డబ్బా) తాలూకు మాడ్యులర్ వైర్లు, అంటే ఊడదీయగలిగేవి, కొత్తదానికి తగిలించొద్దు. ప్లగ్ చక్కగా పట్టినా, ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరస కంపెనీని బట్టి, ఒక్కోసారి మోడల్‌ని బట్టి మారిపోతుంది. 5 వోల్టులు వెళ్లాల్సిన చోట 12 వెళితే డిస్క్ సర్క్యూట్ కాలిపోతుంది.

బయోస్‌లో ఉంది, విండోస్‌లో లేదు

ఇది కాస్త ఊపిరి పీల్చుకునే కేసు. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. పార్టిషన్ (డిస్క్‌లో విడదీసిన భాగం) మామూలుగానే కనబడుతూ డ్రైవ్ అక్షరం మాత్రం లేకపోతే, రైట్ క్లిక్ చేసి ఒక అక్షరం ఇస్తే సరి. ‘ఆఫ్‌లైన్’ అని ఉంటే ఆన్‌లైన్ చేయండి.

తెరవగానే ‘డిస్క్ ఇనిషియలైజ్ చేయాలి’ అని అడిగితే మాత్రం క్యాన్సిల్ కొట్టండి. ‘ఫార్మాట్ చేయాలి’ అన్నా అంతే. ఆ రెండూ ఖాళీ డిస్క్‌కి చేసే పనులు. పాత డిస్క్ ఇలా అడిగిందంటే ఏ భాగం ఎక్కడుందో చెప్పే పార్టిషన్ పట్టికనో, ఆ భాగంలోని ఫైళ్ల అమరికనో విండోస్ చదవలేకపోతోందని అర్థం, డేటా పోయిందని కాదు. ఎక్స్‌టర్నల్ డబ్బాలోంచి ఊడదీసిన డిస్క్‌కి ఇది తరచూ వస్తుంది. కొన్ని డబ్బాల్లోని సర్క్యూట్ సెక్టార్ల (డిస్క్‌లోని చిన్న చిన్న గదులు) లెక్క మార్చి చూపిస్తుంది, కొన్ని డేటాను ఎన్‌క్రిప్ట్ కూడా చేస్తాయి, అంటే రహస్య లిపిలోకి మారుస్తాయి. మళ్లీ అదే డబ్బాలో పెట్టి, యూఎస్‌బీ మీదుగా ముందు డేటా కాపీ చేసుకోండి.

డ్రైవ్ మీద తాళం గుర్తుంటే అది బిట్‌లాకర్, విండోస్ వేసే తాళం. దాని పాస్‌వర్డ్ గానీ, 48 అంకెల రికవరీ కీ గానీ కావాలి. కీ కోసం పాత సిస్టంలో వాడిన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఒకసారి వెతకండి. రెండూ లేకపోతే ఎవరూ తెరవలేరు.

పాత విండోస్‌తోనే బూట్ కావాలంటే

నన్నడిగితే వద్దంటాను. పాత డిస్క్ చాలాసార్లు ఎంబీఆర్ అనే పాత పార్టిషన్ పద్ధతిలో ఉంటుంది, కొత్త బోర్డు సాధారణంగా యూఈఎఫ్ఐ అనే కొత్త బూట్ పద్ధతి కోరుతుంది. మార్చే టూల్ విండోస్‌లోనే ఉంది కానీ, అంత చేసినా హార్డ్ డిస్క్ మీద విండోస్ నత్తనడకే. ఎస్‌ఎస్‌డీ మీద కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకోండి. ఆ కాసేపు పాత డిస్క్ వైరు పీకేసి ఉంచండి. లేదంటే బూట్ ఫైళ్లు పాత డిస్క్‌లోకి వెళ్లి కూర్చునే ప్రమాదం ఉంది. దాన్ని తీసేసిన రోజు పీసీ లేవదు.

కనబడుతోంది గానీ ఆగి ఆగి పనిచేస్తోంది

క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే, డిస్క్ ఆరోగ్యం చూపించే ప్రోగ్రాంలో 05, సీ5, సీ6 వరసలు చూడండి. పాడైన, అనుమానమున్న సెక్టార్ల లెక్కలవి. వాటి ఎదురుగా ‘రా వాల్యూస్’ కింద ఉండే అంకెలు మామూలుగా హెక్స్‌లో (పదహారు ఆధారంగా లెక్కించే పద్ధతి) ఉంటాయి, 10 అని కనబడితే పదహారన్నమాట. సీ5, సీ6లో సున్నా కాక ఇంకేదున్నా ముఖ్యమైనవి వెంటనే వేరేచోటికి మార్చండి. డేటా పంపేటప్పుడు వచ్చిన తప్పులు లెక్కించే సీ7 ఒక్కటే పెరుగుతుంటే చాలావరకు తప్పు డేటా వైరుది. మార్చాక పాత అంకె అలాగే ఉంటుంది, పెరగకపోతే చాలు. టక్ టక్ మని చప్పుడొస్తే మాత్రం వెంటనే ఆపేయండి, మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడొద్దు.

మా బావగారి డిస్క్‌లో సీ5 దగ్గర 8 కనబడింది. ఆ రాత్రే ఫొటోలు ఎస్‌ఎస్‌డీలోకి ఒక కాపీ, పెన్‌డ్రైవ్‌లోకి ఇంకో కాపీ తీశాం. ఇప్పుడా డిస్క్‌లో ఆయన పాత సినిమాలు మాత్రమే ఉన్నాయి.