పగడపు దిబ్బల పుస్తకం: రోజుకు ఒక్క జీవి చాలు

పగడపు దిబ్బల మీద సమాచార పుస్తకం తెస్తే, నాలుగైదేళ్ల పిల్లలు బొమ్మలు తిరగేసి రెండు నిమిషాల్లో పక్కన పడేస్తారు. మా ఇంట్లోనూ అంతే జరిగేది. అందుకే మొదటి పేజీ నుంచి చదవడం మానేశాను.

పుస్తకం పిల్లల చేతికే ఇచ్చి, నచ్చిన ఒక్క జీవిని వేలితో చూపించమంటాను. బొమ్మ కింద ఉన్న ఒకటి రెండు వాక్యాలే చదువుతాను. పగడాన్ని చూపిస్తే చేత్తో ఆట: పిడికిలి బిగిస్తే పగలు, వేళ్లు విప్పి ఆడిస్తే రాత్రి. చాలా రకాల గట్టి పగడాల్లో పాలిప్‌లు (పగడంలో ఉండే చిన్న చిన్న జీవులు) రాత్రిపూటే టెంటకిల్స్ (నోటి చుట్టూ ఉండే వేళ్లలాంటి భాగాలు) చాచి తిండి పట్టుకుంటాయి. పగడం రాయి కాదు, మొక్క కాదు, ప్రాణి అని పిల్లలకు దీంతో ఇట్టే తెలిసిపోతుంది. చిలుకచేప దొరికితే ఇంకా మంచిది. అది పగడపు రాతిని కొరికి ఇసుకగా విసర్జిస్తుందంటే మళ్లీ మళ్లీ చెప్పించుకుంటారు. మొత్తం 10 నిమిషాలు. మర్నాడు ఇంకో జీవి.

నిద్రమత్తులో ఉంటే ఇది పనిచేయదు. నీళ్లు వేడెక్కి పగడాలు తెల్లబడిపోయే పేజీని మాత్రం పడుకునే ముందు తెరవకండి, "చచ్చిపోయాయా?" అని దిగులు పడతారు. పగలు చూపించి, నీళ్లు త్వరగా చల్లబడితే కొన్ని కోలుకుంటాయని కూడా చెప్పండి.