నాలుక కింద బిళ్ళ పెట్టే ముందు

గుండె నొప్పి అనగానే పక్కవాళ్ళ మందుల డబ్బాలోంచి ఒక బిళ్ళ తెచ్చి నాలుక కింద పెట్టేస్తుంటారు. సాయం చేయాలన్న ఆత్రమే అది. కానీ నైట్రోగ్లిజరిన్, ఐసోసార్బైడ్ డైనైట్రేట్ లాంటి నైట్రేట్ మందులు రక్తనాళాలను వదులు చేస్తాయి. గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గి దాని మీద భారం తగ్గుతుంది, దాంతోపాటు బీపీ కూడా పడిపోతుంది. అందుకే డాక్టర్ రాసిచ్చిన మనిషికే ఈ మందు. బీపీ మిషన్ చేతికందితే చూడండి. పై అంకె 90 కన్నా తక్కువుంటే ఇవ్వొద్దు.

ఇంకో ప్రశ్న అడగడానికి అందరూ మొహమాటపడతారు, అడిగి తీరాల్సింది మాత్రం అదే. అంగస్తంభన కోసం ఏదైనా మాత్ర వేసుకున్నారా? సిల్డెనాఫిల్ వేసుకుని 24 గంటలు, టడలాఫిల్ అయితే 48 గంటలు దాటకుండా నైట్రేట్ ఇస్తే బీపీ ప్రాణం మీదికి వచ్చేంతగా పడిపోవచ్చు. ఊపిరితిత్తుల బీపీకి కూడా ఇవే మందులు రాస్తారు, కాబట్టి ఆడవాళ్ళనూ అడగాలి. నలుగురి ముందు చెప్పలేకపోతే మిగతావాళ్ళను గదిలోంచి పంపేసి అడగండి.

ఇచ్చేటప్పుడు మనిషి కూర్చునే ఉండాలి. నిలబడి వేసుకుంటే కళ్ళు తిరిగి పడిపోవచ్చు. బిళ్ళను మింగకూడదు, మింగితే చాలా భాగం కాలేయంలోనే విరిగిపోతుంది. నోరు ఎండిపోయి ఉంటే ముందు ఒక గుక్క నీళ్ళతో తడపండి. నమలాల్సిన ఆస్పిరిన్ వేరే మందు, టెన్షన్‌లో రెండూ తారుమారు చేయకండి.

ఒక బిళ్ళ వేసి టైమ్ చూసుకోండి. 5 నిమిషాల్లో నొప్పి తగ్గకపోయినా, పెరిగినా వెంటనే అంబులెన్స్‌కు ఫోన్ చేయాలి. మూడు బిళ్ళలూ అయ్యాక చేద్దామని ఆగకండి. డాక్టర్ చెప్పి ఉంటే అంబులెన్స్ వచ్చేలోపు 5 నిమిషాలకొకటి చొప్పున, మొత్తం మూడు మించకుండా ఇవ్వొచ్చు. మధ్యలో కళ్ళు తిరిగినా, చెమటలు పట్టి సొమ్మసిల్లినా ఇక ఇవ్వకుండా పడుకోబెట్టి కాళ్ళు ఎత్తిపెట్టాలి. తలనొప్పి మాత్రం మామూలే. డైనమైట్ ఫ్యాక్టరీల్లో నైట్రోగ్లిజరిన్ తగిలిన కార్మికులకూ అదే తలనొప్పి వచ్చేది.

బిళ్ళతో నొప్పి తగ్గింది కాబట్టి అది గుండెదేనని, తగ్గలేదు కాబట్టి గ్యాసేనని తేల్చేయకండి. ఆహారనాళం పట్టేసిన నొప్పి కూడా ఈ మందుతో తగ్గుతుంది. ఆసుపత్రిలో ఈసీజీ తీసే దాకా ఎవరూ చెప్పలేరు. గుండె కుడివైపు దెబ్బతిన్నప్పుడు ఈ మందు బీపీని మరీ దించేస్తుంది, డాక్టర్లు కూడా ముందు అది చూసుకునే ఇస్తారు. ఎన్ని బిళ్ళలు, ఏ టైమ్‌కు వేశారో కాగితం మీద రాసి అంబులెన్స్ వాళ్ళ చేతికివ్వండి.

నైట్రోగ్లిజరిన్ బిళ్ళలు వచ్చిన గాజు సీసాలోనే ఉండాలి. ప్లాస్టిక్ డబ్బాలోకి మారిస్తే, వేడి తగిలే చోట పెడితే మందు పస తగ్గిపోతుంది. మూత గట్టిగా బిగించి, ఎక్స్‌పైరీ తేదీ దాటకముందే కొత్త సీసా తెచ్చుకోండి. స్ప్రే అయితే ఊపకుండా, పీల్చకుండా నాలుక మీదో కిందో కొట్టాలి.